ఏ నెల కోసిన నాచు?

పుప్పాలగూడ నుంచి సముద్రం చూడాలంటే ఎటు వెళ్లినా ఒక పూట ప్రయాణం. దగ్గరి తీరాల్లో ఒకటి మచిలీపట్నం. కానీ అక్కడ ఇసుక, బురద తప్ప నాచు పట్టు దొరికించుకునే రాయి లేదు. రాతి తీరం కావాలంటే విశాఖపట్నం దాకా, ఆరువందల కిలోమీటర్ల పైచిలుకు వెళ్లాలి. అయితేనేం, సముద్రమే ఇక్కడికి నడిచొచ్చింది. మణికొండ, పుప్పాలగూడ, నార్సింగి రోడ్ల మీది మందుల షాపుల్లో, ఆర్గానిక్ స్టోర్లలో, పది నిమిషాల్లో గుమ్మం ముందుకు సరుకు తెచ్చే యాప్‌లలో కెల్ప్ మాత్రలు, ఫ్యూకోయిడాన్, ఫ్యూకోజాంథిన్ క్యాప్సూల్స్ దొరుకుతున్నాయి. యాంటీ ఆక్సిడెంట్ల గని అని సీసా మీద పెద్దక్షరాలు. ఎన్ని మిల్లీగ్రాములో కింద చిన్నక్షరాల్లో ఉంటుంది. ఏ సముద్రంలోదో, ఏ నెలలో కోశారో, ఎండలో ఆరబెట్టారో నీడలోనో చాలా సీసాల మీద ఉండదు.

మామిడిపండు కొనేటప్పుడు ఏ ఊరిదని అడుగుతాం, మార్చిలోనే బుట్టలోకి దిగితే అనుమానంగా చూస్తాం. నాచు విషయంలో ఆ మాత్రం విచారణ కూడా లేదు. గోధుమరంగు నాచులో యాంటీ ఆక్సిడెంట్లు ఎంత అన్న ప్రశ్నకు ఒకే జవాబు ఉండదని తెలుసుకోవడానికి విజ్ఞానశాస్త్రానికి దాదాపు వందేళ్లు పట్టింది. ఆ వందేళ్ల కథలో తెలుగువాళ్ల చేతులు చాలానే కనిపిస్తాయి. చిత్రమేమిటంటే, అవి ఒకదాన్నొకటి సరిగా అందుకోలేదు.

ముందు ఈ జీవి సంగతి. గోధుమరంగు నాచును మొక్క అనడం అలవాటే గానీ, జీవుల వంశవృక్షంలో అది వరికి, వేపకు చాలా దూరపు చుట్టం. పచ్చనాచు, ఎర్రనాచు మొక్కల వైపు బంధువులు. గోధుమ నాచు మాత్రం నీటిలో తేలే డయాటమ్‌ల కొమ్మకు చెందింది. మన తీరంలో కనిపించేవి సర్గాసమ్, పడైనా, డిక్టియోటా, స్పాటోగ్లాసమ్ లాంటివి. ఆటు వచ్చినప్పుడు నీళ్లు వెనక్కి పోతాయి, నాచు రాతి మీద బయటపడుతుంది. పైన వైశాఖం ఎండ, కింద కాలే రాయి, ఒంట్లో నీరు ఆవిరైపోతూ ఉంటుంది. కాంతిని పట్టే యంత్రం మాత్రం ఆగదు. వాడుకోగలిగినదానికన్నా ఎక్కువ శక్తి వచ్చి పడితే అది ఆక్సిజన్ మీదికి మళ్లుతుంది. సూపరాక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి దుడుకు అణువులు పుట్టి పొరలను, ప్రోటీన్లను, డీఎన్ఏను కొరుకుతాయి. పారిపోవడానికి కాళ్లు లేవు, నీడలోకి జరగడానికి వీల్లేదు. ఉన్నచోటనే తట్టుకోవాలి.

తట్టుకునే సరంజామా పలు రకాలు. సూపరాక్సైడ్‌ను విరిచే ఎంజైమ్ మొదటి వరస. ఆ పని చేసే ఎంజైమ్‌ను 1969లో మెకార్డ్, ఫ్రిడోవిచ్ పశువుల రక్తకణాలలో గుర్తించారు, నాచుల్లోనూ అదే పని. రెండోది ఫ్యూకోజాంథిన్ అనే వర్ణకం. నాచుకు ఆ గోధుమ ఛాయ దాని చలవే. లోతు నీటిలోకి దిగే నీలి, ఆకుపచ్చ కాంతిని పట్టి కిరణజన్య సంయోగక్రియకు అందించడం దాని అసలు కొలువు. మూడోది, ఈ వ్యాసంలో ఎక్కువసార్లు వచ్చేది, ఫ్లోరోటానిన్ల కుటుంబం. ఫ్లోరోగ్లూసినాల్ అనే చిన్న ఫీనాల్ అణువును గొలుసులుగా, గుత్తులుగా కలిపి కట్టిన టానిన్లు ఇవి. తేయాకులోని, కరక్కాయలోని టానిన్ల లాగే వగరు. కట్టుబడి మాత్రం వేరు, గోధుమ నాచుల సొంతం. కణాలలో ఫైసోడ్‌లు అనే చిన్న తిత్తుల్లో దాచుకుంటాయి, కొంత కణగోడలోకి నేస్తాయి. అతినీలలోహిత కిరణాలను పీల్చుకోవడం, లోహాలను బంధించడం, కొరికే నత్త నోటికి రుచించకుండా చేయడం, గాయం మీద గట్టిపడటం - ఒకే సరుకుతో ఇన్ని పనులు. ఎండు బరువులో ఇవి 1 శాతం లోపు నుంచి 20 శాతం దాకా ఉంటాయి. ఆ తేడా ఎందుకన్నదే ఇక్కడి అసలు ప్రశ్న.

నాచు రసాయన చరిత్ర యుద్ధంతో మొదలైంది. 1811లో నెపోలియన్ సైన్యానికి తుపాకి మందు కోసం పారిస్‌లో పెట్లుప్పు చేస్తున్న బెర్నార్డ్ కూర్త్వా, నాచు బూడిద మీద ఆమ్లం పోస్తే ఊదారంగు ఆవిరి లేచింది. అది అయోడిన్. కెల్ప్‌లు అయోడిన్‌ను ఎందుకంతగా కూడబెడతాయో ఆయనకు తెలియదు. జవాబు దొరకడానికి 197 ఏళ్లు పట్టింది. 2008లో క్యూపర్, ఆయన సహచరులు లామినేరియా డిజిటాటా అనే కెల్ప్‌లో అయోడైడే ఒక యాంటీ ఆక్సిడెంట్‌గా పనిచేస్తుందని చూపించారు. నాచు ఒత్తిడికి లోనైనప్పుడు అయోడైడ్‌ను బయటికి వదులుతుంది, అది ఓజోన్‌ను, పెరాక్సైడ్‌ను అక్కడికక్కడే చల్లార్చి, చివరికి గాలిలో మేఘాలకు విత్తనమయ్యే రేణువులుగా మారుతుంది. ఐతే కెల్ప్‌లు చల్లటి సముద్రాల జీవులు. మన వెచ్చటి నీటిలో అవి బతకవు. కెల్ప్ గురించి చెప్పినది సర్గాసమ్‌కు అంటగట్టడం దుకాణాల భాషలో మామూలైపోయింది.

తర్వాతి మజిలీలు వేగంగా దాటవచ్చు. 1881లో స్టాన్‌ఫోర్డ్ ఆల్జినేట్‌ను బయటికి తీశాడు. ఇప్పుడు ఐస్‌క్రీమ్ చిక్కదనంలో, బట్టల అద్దకపు పేస్టులో ఉండేది అదే. 1890లలో క్రాటో ఫైసోడ్‌లను వర్ణించాడు. 1913లో స్వీడన్‌కు చెందిన క్యూలిన్ ఫ్యూకోయిడాన్‌ను వేరుచేశాడు, మరుసటి ఏడాది విల్‌స్టాటర్, పేజ్ ఫ్యూకోజాంథిన్‌ను. పేర్లు, ముక్కలు, నిర్మాణాలు వరసగా వచ్చాయి. కొలవడం ఇంకా రాలేదు.

కొలిచే పద్ధతి వచ్చిన చోటికి మన భీమవరం మనిషి ముందే చేరి ఉన్నాడు. హార్వర్డ్ వైద్య కళాశాలలో ఒట్టో ఫోలిన్ నడిపిన జీవరసాయన విభాగంలో, సైరస్ ఫిస్కే దగ్గర యల్లాప్రగడ సుబ్బారావు పనిచేస్తున్న కాలం అది. 1925లో ఫిస్కే, సుబ్బారావు ఫాస్ఫరస్‌ను కొలిచే విధానం ప్రచురించారు: మాలిబ్డేట్ కలిపి క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది, ఆ నీలి చిక్కదనమే లెక్క. రెండేళ్లకు అదే విభాగం నుంచి ఫోలిన్, రుమేనియా నుంచి వచ్చిన చోకాల్టియు కలిసి ప్రోటీన్లలో టైరోసిన్, ట్రిప్టోఫాన్‌లను కొలిచే ద్రావణం ఒకటి బయటపెట్టారు. అందులోనూ మాలిబ్డినమే, రంగూ నీలమే. ఈరోజు ప్రపంచంలో ఏ మూలన నాచు ఫీనాల్‌లు కొలిచినా చాలావరకు ఆ ఫోలిన్-చోకాల్టియు ద్రావణంతోనే. ఇంకో పరీక్ష, ఫాస్ఫోమాలిబ్డినం పద్ధతి, మరింత దగ్గరి చుట్టం. సుబ్బారావు ఎప్పుడైనా నాచు మీద పనిచేశారని అనడం లేదు. ఆయన పేరు నిలబెట్టిన రసాయన క్రియకు దాయాది లాంటిది నాచు ప్రయోగశాలల్లో రోజూ నడుస్తోందని మాత్రమే.

ఆ రోజుల్లోనే వాల్తేరులో ఫీనాల్‌ల మీద మరో పని మొదలైంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో టి.ఆర్. శేషాద్రి 1930ల నుంచి 1949లో ఢిల్లీ వెళ్లేదాకా మొక్కల ఫ్లావనాయిడ్లను ఒక్కొక్కటిగా విప్పారు. పత్తి పువ్వులు, మందార జాతి పువ్వుల నుంచి తీసిన గాసిపెటిన్ లాంటివి ఆయన చేతిలో ప్రసిద్ధి పొందాయి. 1942లో విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాక విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది, పని ఆగలేదు. పాలీఫీనాల్‌ల రసాయనంలో అంత పట్టున్న శాల సముద్రానికి కూతవేటు దూరంలో ఉంది. కిటికీ కింద కొండరాళ్ల మీద గోధుమ నాచు ఉంది. ఆ శాల చూపు పువ్వుల మీద, బెరళ్ల మీద నిలిచింది. ఆ కాలానికి అది సహజమే. అప్పటికి ఫ్లోరోటానిన్ల నిర్మాణాలే సరిగా తెలియవు. వాటిని జర్మనీలోని బాన్‌లో గ్లోంబిట్‌జా బృందం 1970లలో గానీ వరసగా విప్పలేదు.

రెండో పాయ సముద్రశాస్త్రం. 1950లలో అమెరికా నుంచి యూజీన్ లాఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, సి. మహాదేవన్, పి.ఎన్. గణపతి లాంటివారితో కలిసి విశాఖ ఎదుటి సముద్రాన్ని కొలిచాడు. విశాఖ ముందరి సముద్రగర్భ లోయలకు ఆంధ్ర, మహాదేవన్, కృష్ణ అని పేర్లు ఆ స్నేహం గుర్తుగానే. కృష్ణ అంటే అప్పటి విశ్వవిద్యాలయ ఉపకులపతి వి.ఎస్. కృష్ణ. ఆ కొలతల్లో ఒక వార్షిక లయ బయటపడింది. వేసవి ముంగిట, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, తీరం వెంట ప్రవాహం ఉత్తరానికి పారుతుంది. పై నీరు సముద్రం లోపలికి జరిగి, అడుగు నుంచి చల్లటి, ఉప్పన ఎక్కువ, పోషకాలు దండిగా ఉన్న నీరు పైకి లేస్తుంది. వర్షాకాలం పోయాక అంతా తలకిందులు. అక్టోబరు, నవంబరులలో ప్రవాహం దక్షిణానికి తిరుగుతుంది. గంగ, మహానది, గోదావరి మోసుకొచ్చిన మంచినీరు తీరాన్ని కప్పేసి లవణత పడిపోతుంది. సగటు సముద్రమట్టం కూడా ఊగుతుంది: మార్చి, ఏప్రిల్‌లో కనిష్ఠం, అక్టోబరు, నవంబరులో గరిష్ఠం.

ఈ ఊగిసలాటను నాచు కోణం నుంచి చదివినవారు ఎం. ఉమామహేశ్వరరావు. గాలిలోని శిలీంధ్ర బీజాల పరిశోధనకు పేరుపడ్డ టి. శ్రీరాములుతో కలిసి ఆయన 1964లో విశాఖలో ఆటుపోట్ల మధ్య పట్టీలోని నాచుల పర్యావరణం మీద, 1970లో విశాఖ తీరపు నాచుల మీద ప్రచురించిన వ్యాసాలు ఇప్పటికీ ఈ తీరం గురించి మాట్లాడేవారు తిరగేసేవే. ఆంధ్ర తీరం దాదాపు వెయ్యి కిలోమీటర్లు ఉన్నా నాచుకు పనికొచ్చే రాయి విశాఖ, భీమిలి మధ్యనే ఎక్కువ. తూర్పు కనుమల ఖోండలైట్ రాయి సముద్రంలోకి దిగే చోటు అది. ఆ రాళ్ల మీద ఏ నాచు ఏ ఎత్తులో పట్టీ కడుతుంది, ఏ నెలలో చిగురిస్తుంది, ఎప్పుడు చెదిరిపోతుంది అని చూడడం కేవలం జాబితా పని కాదు. సముద్రమట్టం ఒక జానెడు తగ్గితే అదే రాయి మీద అదే నాచు రోజుకు ఎన్ని గంటలు ఎండలో పడి ఉంటుందో మారిపోతుంది. తర్వాతి దశాబ్దాల్లో ఆయన, ఆయన విద్యార్థులు ఇంకో మెట్టు ఎక్కి, వెలుతురు, లవణత, ఎండిపోవడం మారితే నాచులు బీజాలను ఎలా విడుస్తాయో ప్రయోగశాలలో చూశారు.

మధ్యలో ఆయన తమిళనాడు తీరాన మండపం అనే ఊళ్లోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థలో పనిచేశారు. 1969లో అంతర్జాతీయ నాచు సదస్సు సంపుటంలో వచ్చిన ఆయన వ్యాసం ఈ కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపిస్తుంది. మన్నార్ సింధుశాఖలోని సర్గాసమ్ వైటియై, టర్బినేరియా కోనాయిడిస్ అనే రెండు గోధుమ నాచుల్లో ఎదుగుదలతో పాటు ఆల్జినిక్ ఆమ్లం, మానిటాల్ నెల నెలా ఎలా మారుతున్నాయో ఆయన లెక్కగట్టారు. అంటే రుతువును, రసాయనాన్ని ఒకే పుస్తకంలో పక్కపక్కన రాశారు. యాంటీ ఆక్సిడెంట్ అనే మాట అప్పటికి నాచు ప్రపంచంలో చలామణీలో లేదు. పరిశ్రమకు కావలసింది ఆల్జినేట్, ఆయన దాన్నే కొలిచారు. ప్రశ్న వేసే పద్ధతి మాత్రం సరిగ్గా కుదిరింది. మూడేళ్ల తర్వాత టర్బినేరియా ఆర్నేటా మీద కూడా అదే దారిలో, ఈసారి ఎదుగుదల, బీజోత్పత్తి దశలతో ముడిపెట్టి, కాళిముత్తుతో కలిసి మరో వ్యాసం రాశారు.

అదే ప్రశ్నను ఫీనాల్‌ల మీద వేయడం పడమటి తీరాల్లో 1980లలో మొదలైంది. అదొక సరదా కథ. 1981లో గీసెల్‌మన్, మెక్‌కానెల్ అట్లాంటిక్ నత్తలు ఫ్యూకస్ అనే గోధుమ నాచు ఫీనాల్‌లంటే మొహం తిప్పుకుంటాయని చూపించారు. 1988లో వాన్ ఆల్‌స్టైన్ ఫ్యూకస్‌ను కత్తిరించి చూస్తే, కొద్ది రోజుల్లో మిగిలిన భాగంలో ఫీనాల్‌లు పెరిగాయి. కొరికితే చేదెక్కే జీవి అన్నమాట. మరోవైపు ఫిన్‌లండ్ వాళ్లు, నీటిలో నత్రజని తక్కువైతే ఎదుగుదల ఆగి, మిగిలిపోయిన కర్బనం ఫీనాల్‌లుగా మారుతుందని వాదించారు. 1983లో బ్రయంట్, చాపిన్, క్లైన్ నేల మీది మొక్కల కోసం చెప్పిన సూత్రానికి ఇది సముద్రపు రూపం.

ఇంతలో స్టైన్‌బర్గ్ ఇంకా పెద్ద బొమ్మ గీశాడు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ గోధుమ నాచుల్లో ఫీనాల్‌లు ఉత్తర పసిఫిక్ నాచులకన్నా ఐదారు రెట్లు ఎక్కువ. కారణం సముద్రపు నీటి పిల్లులు అన్నాడు. 1995లో ఎస్టెస్, వింటర్‌లతో కలిసి రాసిన వాదన ఇది: ఉత్తర పసిఫిక్‌లో నీటి పిల్లులు సముద్రపు అర్చిన్‌లనే ముళ్ల జీవులను తినేస్తూ వచ్చాయి, నాచుకు శత్రువు తగ్గింది, కవచం కట్టుకునే అవసరం రాలేదు. ఆస్ట్రేలియాలో నీటి పిల్లి లేదు, అర్చిన్‌లు స్వేచ్ఛగా మేశాయి, నాచు చేదెక్కింది. ఒక జంతువు ఆకలి తరతరాల మీద నాచు ఒంట్లోని రసాయనాన్ని దిద్దిందన్న ఊహ చదివినవారిని కట్టిపడేస్తుంది. ఉష్ణమండల నాచుల్లో ఫీనాల్‌లు తక్కువనే సూత్రం కూడా ఆ దశకంలోనే గువామ్ లెక్కల ఆధారంగా నడిచింది. 1992లో టార్గెట్ బృందం కరీబియన్ నాచుల్లో ఫీనాల్‌లు దండిగా చూపించి, అక్షాంశాన్ని బట్టి ఇంత అని చెప్పే గీత చెరిపేసింది. ఆ పోలికలన్నీ గువామ్, కరీబియన్, ఆస్ట్రేలియా, ఉత్తర అమెరికా మధ్య నడిచినవే. బంగాళాఖాతం ఆ వాదంలో కక్షిదారు కాలేదు.

అయ్యి ఉంటే ఎంత బాగుండేది! విశాఖ తీరం ఆ సిద్ధాంతాలకు తయారుగా పెట్టిన పరీక్ష లాంటిది. మార్చి, ఏప్రిల్‌లో సముద్రమట్టం తక్కువ, ఎండ ఎక్కువ. నాచు ఎక్కువసేపు బయటపడుతుంది, కాబట్టి రక్షణ కోసం ఫీనాల్‌లు పెరగాలి. అదే నెలల్లో అడుగు నుంచి నత్రజని ఉన్న నీరు లేస్తుంది. కర్బనం మిగిలే సూత్రం ప్రకారం ఫీనాల్‌లు తగ్గాలి. రెండు సూత్రాలు ఒకే రాయి మీద ఎదురెదురుగా నిలబడతాయి. అక్టోబరులో మట్టం పెరిగి నాచు నీటిలోనే ఉంటుంది, ఎండ దెబ్బ తగ్గుతుంది. కానీ లవణత పడిపోతుంది. ఐర్లండ్‌లో కోనన్, స్టెంగెల్ చేసిన ప్రయోగాల్లో లవణత తగ్గితే ఆస్కోఫిల్లమ్ అనే గోధుమ నాచులో ఫీనాల్‌లు తగ్గాయి. విశాఖ సర్గాసమ్ కూడా అలాగే ప్రవర్తిస్తుందా, లేక ఏటేటా ఈ తీపి నీటికి అలవాటుపడి వేరే దారి వెతుక్కుందా? లాఫాండ్ ఇచ్చిన నీటి లెక్కలు, ఉమామహేశ్వరరావు ఇచ్చిన నాచు క్యాలెండరు, ఫోలిన్ ఇచ్చిన నీలిరంగు - మూడూ ఒక బల్ల మీదికి వస్తే తేలే విషయం ఇది.

బల్ల మీదికి వచ్చింది మాత్రం వేరే సరుకు. 1956లో డెన్‌హామ్ హార్మన్ ముసలితనానికి ఫ్రీ రాడికల్స్ కారణమన్న సిద్ధాంతం చెప్పాడు. 1990ల నాటికి అది ప్రయోగశాల దాటి బజారులో పడింది. యాంటీ ఆక్సిడెంట్ మింగితే వయసు ఆగుతుందన్న నమ్మకం పాకింది. 1994లో ఫిన్‌లండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ల మీద జరిగిన ప్రయోగంలో బీటా కెరోటిన్ తీసుకున్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చింది. 2012లో అమెరికా వ్యవసాయ శాఖ, ఆహారపదార్థాల యాంటీ ఆక్సిడెంట్ సామర్థ్యపు పట్టికను తన వెబ్‌సైటు నుంచి తీసేసింది. పరీక్షనాళికలో వచ్చే అంకె ఒంట్లో జరిగేదాన్ని చెప్పదని, కంపెనీలు ఆ అంకెలను ప్రకటనలకు వాడుకుంటున్నాయని కారణం చెప్పింది. బజారు ఆ మాట వినలేదు.

పరిశోధన పత్రాల్లో కూడా ఆ అంకెల మోజు కనిపిస్తుంది. 1958లో బ్లోయిస్ చూపించిన డీపీపీహెచ్ పరీక్ష చవక, సులువు: ఊదారంగు ద్రావణంలో నాచు సారం వేస్తే అది పసుపుకు తిరుగుతుంది, ఎంత తిరిగితే అంత యాంటీ ఆక్సిడెంట్. ఫోలిన్ నీలం కూడా అంతే సులువు, కానీ అది ఫీనాల్‌లనే పట్టదు. విటమిన్ సి, కొన్ని అమైనో ఆమ్లాలు, కొన్ని చక్కెరలు కూడా దాన్ని నీలిరంగుకు తిప్పుతాయి. ఏ ద్రావకంతో సారం తీశారో మారితే అంకె మారుతుంది. ఎండలో ఆరబెడితే ఫ్యూకోజాంథిన్ పాడవుతుంది, ఫ్లోరోటానిన్లు గాలికి ఆక్సీకరణ చెందుతాయి. అంటే కోసిన మర్నాడు కొలిచిన అంకె, నెల తర్వాత బస్తాలోంచి తీసి కొలిచిన అంకె రెండు వేరు జీవుల లెక్కలా ఉంటాయి. నాకు కోపం తెప్పించేది వేరు. నాచు సారాల మీద వచ్చే పత్రాలు గుట్టలుగా ఉన్నాయి. వాటిలో చాలావాటికి సేకరించిన తేదీ ఒక వాక్యంలో ఉంటుంది, అక్కడితో సరి. ఆటు ఎంత, నీటి వేడి ఎంత, లవణత ఎంత, నాచు లేతదా, బీజాలు విడిచే దశలో ఉందా? ఇవేవీ ఉండవు. 1969లో ఒక మనిషి చేసి చూపిన పని ఇప్పటికీ ఐచ్ఛికంగానే మిగిలింది.

మంచి పనీ జరిగింది, కాదనలేం. హొక్కైడో విశ్వవిద్యాలయంలో మియాషితా బృందం 2005లో వకామే నాచు ఫ్యూకోజాంథిన్ ఎలుకల్లో కొవ్వు కణజాలాన్ని వేడి పుట్టించేలా మార్చడం చూసి, ఆ వర్ణకానికి యాంటీ ఆక్సిడెంట్ అన్న ముద్ర దాటి కొత్త దారి చూపింది. మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ తరఫున కాజల్ చక్రవర్తి, సహ పరిశోధకులు మన్నార్ సింధుశాఖ టర్బినేరియాల ఫీనాల్‌లను కొలిచి 2013లో ప్రచురించారు. అదే సంస్థ నాచు సారాలతో కడల్మిన్ పేరిట ఉత్పత్తులు కూడా బయటికి తెచ్చింది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మన దుంపలు, కూరగాయల యాంటీ ఆక్సిడెంట్ శక్తిని లెక్కించింది, 2017లో 528 ఆహారాల పోషక పట్టిక అచ్చేసింది. ఆ పక్కనే భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో సముద్ర జీవుల రసాయనాల మీద పరిశోధన జరిగింది. సముద్రం లేని ఊరికి ఇది చిన్న సంపద కాదు.

పుప్పాలగూడ సీసాల దగ్గరికి వస్తే ఒక హెచ్చరిక అవసరం. నాచు నీటిలో ఉన్నదంతా పీలుస్తుంది, మంచిచెడ్డలు చూసుకోదు. సర్గాసమ్ కుటుంబానికే చెందిన జపాన్ వారి హిజికిలో అకర్బన ఆర్సెనిక్ ఎక్కువని 2004లో బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ తినవద్దని చెప్పింది. లోహాలను బంధించే ఫ్లోరోటానిన్లు, ఆల్జినేట్లు నాచుకు రక్షణ. హార్బరు పక్కన కోసిన నాచు మనకు రక్షణ కాదు. కెల్ప్ మాత్రల్లో అయోడిన్ ఎంతుందో తెలియకుండా థైరాయిడ్ మందు వాడేవారు వాటిని మింగడం డాక్టరును అడగకుండా చేయకూడని పని.

ఇక సముద్రమే మారుతోంది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థకు చెందిన రాక్సీ మాథ్యూ కోల్ బృందం 1982 నుంచి 2018 దాకా బంగాళాఖాతంలో 94 సముద్ర వడగాలులను లెక్కించింది. ఉత్తర బంగాళాఖాతంలో వీటి సంఖ్య దశాబ్దానికి అర చొప్పున, అంటే రెండు దశాబ్దాలకు ఒకటి చొప్పున పెరుగుతోంది. 2020 మేలో వచ్చిన ఒక వేడి అలకు మన్నార్ సింధుశాఖలో పగడాలు 85 శాతం తెల్లబోయాయి. సముద్ర ఉపరితల వేడిని రోజూ చూసే జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, ఇన్‌కాయిస్, ఉన్నది మన హైదరాబాద్‌లోనే, ప్రగతినగర్‌లో. వేడి పెరిగితే నాచు యాంటీ ఆక్సిడెంట్లు పెంచుకుంటుందని సులువుగా అనేస్తుంటారు. ఒక హద్దు దాకా అవును, ఆపైన తయారుచేసే కణమే చితికిపోతుంది. ఆమ్లీకరణది ఇంకో తీరు. విశాఖ రాళ్ల మీద విసనకర్రలా విచ్చుకునే పడైనా తన మీద సున్నం పూత వేసుకునే అరుదైన గోధుమ నాచు. ఇటలీలో, పాపువా న్యూ గినీలో సముద్రగర్భం నుంచి కార్బన్ డయాక్సైడ్ బుడగలు లేచే చోట్ల జాన్సన్ బృందం 2012లో చూస్తే, పడైనా సున్నం పోగొట్టుకుంది గానీ చావలేదు, పైగా దండిగా పెరిగింది. అర్చిన్‌లు అక్కడ తగ్గాయి. మేసేవాళ్లు తగ్గితే చేదు కూడా తగ్గుతుందా? ఆ ప్రశ్నకు నీటి పిల్లుల కథ ఒక వైపు, ఎండ కథ ఇంకోవైపు లాగుతాయి.

ప్రభుత్వం మత్స్య సంపద యోజన కింద 2020లో నాచు కోసం 640 కోట్ల రూపాయలు కేటాయించి, ఐదేళ్లలో 11.2 లక్షల టన్నుల ఉత్పత్తి లక్ష్యంగా పెట్టింది. ఆ లెక్కలో అగ్రతాంబూలం కప్పాఫైకస్ అనే ఎర్రనాచుది. సర్గాసమ్, టర్బినేరియా లాంటి గోధుమ నాచులను ఇప్పటికీ ఎక్కువగా సహజంగా పెరిగిన చోటు నుంచే కోస్తారు. రామనాథపురం తీరంలో ఆ పని చేసే మహిళలు, నాచు మళ్లీ పెరగాలని నెలకు 12 రోజులే సముద్రంలోకి దిగాలని తమకు తామే కట్టుబాటు పెట్టుకున్నారు. ఏ తిథికి నీరు ఎంత దిగుతుందో, ఏ రాయి మీది నాచు ముదిరిందో, ఏది ఇంకా లేతదో వాళ్లకు తెలుసు. వ్యాపారి వాళ్ల దగ్గర ఎండు నాచును ఆల్జినేట్ కోసం కిలోల లెక్కన కొంటాడు. కోసిన నెలకు, ఆరబెట్టిన నీడకు అతని తూకంలో ఇప్పటికైతే ధర లేదు.